దామెర్ల మీద రాసేముందు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

చిత్రకారుడు దామెర్ల రామారావు మీద నీ వ్యాసం చదివాను. ఆయన్ని బలిగొన్న మశూచితో మొదలై మశూచితోనే ముగిసింది. మధ్యలో ఆయన గీసిన బొమ్మ ఒక్కటీ కనబడలేదు. మరణానికి చివర్లో రెండు వాక్యాలు చాలు. లెక్క కూడా సరిచెయ్యి. 1897 మార్చి 8న పుట్టి 1925 ఫిబ్రవరి 6న పోయిన మనిషికి 28 నిండలేదు, ఇంకో నెల ఉంది. ఏడాదిలోంచి ఏడాది తీసేస్తే వచ్చే తప్పిది.

రాజమండ్రి వెళ్లు. ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో అసలు బొమ్మలున్నాయి. ఫోన్లో చూసి రంగుల గురించి రాయకు. నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, ఫోటోలో ఇంకోసారి మారతాయి. రోజుకి మూడు బొమ్మలు, ఒక్కోదానికి అరగంట. మొదటి పది నిమిషాలు కలం తీయకు. ఆ తర్వాత రాసుకో: నూనెరంగులా, నీటిరంగులా? ఎత్తెంత, వెడల్పెంత? వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది? నీ చూపు ముందు ఎక్కడ ఆగింది, అక్కణ్ణుంచి ఎటు జారింది? సంతకం, ఏడాది ఉంటే ఉన్నదున్నట్టు ఎక్కించుకో.

‘ఋష్యశృంగ బంధనం’ బొమ్మ దగ్గర పేజీ అంతా పురాణకథలోని విభాండకుడూ రోమపాదుడే. ఆ కథ పాఠకుడికి తెలుసు. చిత్రకారుడు అందులో ఏ క్షణాన్ని పట్టుకున్నాడు, ఎవరి చెయ్యి ఎక్కడుంది, మనుషుల మధ్య ఎంత ఖాళీ వదిలాడు, అవి చెప్పు. నువ్వు ‘అద్భుతం’ అని రాసిన ప్రతిచోటా చూడవలసినదేదో చూడకుండా దాటిపోయావు.

‘బెంగాల్ శైలి’ అని తేల్చేశావు, తొందరపడ్డావు. ఆ శైలిలో వాష్ అంటే పల్చటి రంగు పూసి, ఆరాక కాగితాన్ని నీళ్లలో తడిపి, మళ్లీ పూయడం. అలా చేసేకొద్దీ అంచులు కరిగి మంచు కమ్మినట్టవుతాయి. దామెర్ల చదివింది బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో, అక్కడ మనిషిని ఎదురుగా పెట్టుకుని ఒంటి కొలతలు నేర్చుకోవాలి. కాబట్టి అంచులు కరిగాయో, గీత తెగి నిలిచిందో ప్రతి బొమ్మలోనూ విడిగా చూసి, శైలి పేరు ఆ తర్వాత పెట్టు.

రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిన మాట నిజమే. కానీ నీ వ్యాసంలో దొరకి రెండు పేజీలు, తానూ బొమ్మలు వేసిన భార్య సత్యవాణికి అరవాక్యం. చిత్రశాలను నిలబెట్టిన వరదా వెంకటరత్నం పేరే లేదు. ఇది తప్పకుండా దిద్దు.

రెండో ప్రతి నాలుగు పేజీలు దాటనీయకు. ఆయన ‘నందిపూజ’ బొమ్మ ముందు నిలబడి రాసుకున్న నోట్సు కూడా జతచేసి పంపు. దాన్ని మాత్రం దిద్దకు.

నీ మేలు కోరే
అన్నయ్య