తలనొప్పి అంటే బ్రెయిన్ ట్యూమరేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఏడాదిగా నెలకు రెండు మూడుసార్లు తలకు ఒక పక్కన పోట్లు వస్తున్నాయి. దానికి ముందు ఓ ఇరవై నిమిషాలు కళ్ల ముందు వంకర టింకర మెరుపు గీతలు కనిపిస్తాయి. ఈమధ్య 1939 నాటి హాలీవుడ్ సినిమా ‘డార్క్ విక్టరీ’ చూశాను. అందులో హీరోయిన్‌కు తలనొప్పితో మొదలై, చివరికి చూపు మసకబారిన కొద్ది గంటల్లోనే ప్రాణం పోతుంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మావారేమో నవ్వి కొట్టిపారేస్తున్నారు. నాదీ అదే జబ్బంటారా?
- ఒక సోదరి, విజయవాడ

సలహా: మీరు రాసినదాన్ని బట్టి ఇది మైగ్రేన్‌లా ఉందమ్మా. ముందు గీతలు కనిపించి, గంటలోపు వాటంతటవే పోయి, ఆ తర్వాత ఒక పక్క పోటు రావడం దాని తీరు. ట్యూమర్ తలనొప్పి ఇలా వచ్చి పోదు. సాధారణంగా వారాలు గడిచేకొద్దీ ముదురుతుంది.

ఆ సినిమా నేనూ చూశాను. జూడిత్‌గా బెట్టీ డేవిస్ నటన గొప్పదే. తలనొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, కళ్లు మూసుకుంటే చేతిలో పెట్టిన వస్తువేమిటో పోల్చుకోలేకపోవడం... మొదట్లో ఇవన్నీ సరిగ్గానే చూపించారు. ఆ చేతి పరీక్ష మేం ఇప్పటికీ చేస్తాం. కానీ ముగింపు మాత్రం కథ కోసం అల్లిందే. చివరి రోజు దాకా నవ్వుతూ తుళ్లుతూ ఉండి, చూపు తగ్గగానే నొప్పి లేకుండా ప్రాణం పోవడం గ్లియోమాలో (ఆమెకు వచ్చిన మెదడు ట్యూమర్ రకం) జరిగేది కాదు. కాలూ చెయ్యీ బలహీనపడటం, ఫిట్స్, మాట తడబడటం, మత్తు వంటివి క్రమంగా కనిపిస్తాయి. పైగా గ్లియోమాలన్నీ ఒకటి కావు. నాలుగు గ్రేడ్‌లున్నాయి, తక్కువ గ్రేడ్‌వాళ్లలో ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు. ఆ రోజుల్లో సీటీ, ఎంఆర్ఐ ఏవీ లేవు. మనిషికి మొదటి సీటీ తీసిందే 1971లో.

సినిమాలో డాక్టరూ స్నేహితురాలూ ఆమెకు నిజం దాస్తారు, ఆమె తన ఫైలు చూసి తెలుసుకుంటుంది. మన దగ్గర ఇప్పటికీ ఇదే తంతు. పేషెంట్ బయటికెళ్లగానే ‘ఆమెకు చెప్పకండి డాక్టర్ గారూ’ అంటారు. నాకది నచ్చదు. జబ్బు ఎవరిదో, ముందు తెలియాల్సింది వాళ్లకే.

ఒకసారి న్యూరాలజిస్టును కలవండి, మీవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. కంటి వెనుక నరం చూసే ఫండస్ పరీక్ష చేయించుకోండి. ఎంఆర్ఐ అవసరమో కాదో డాక్టర్ చెబుతారు. తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత, ఉన్నట్టుండి భరించలేని నొప్పి - వీటిలో ఏది వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పెయిన్ కిల్లర్లు మాటిమాటికీ మింగకండి, వాటివల్లే తలనొప్పి ఎక్కువవుతుంది. ఇంకో మాట. ఇలా గీతలు కనిపించే మైగ్రేన్‌లో ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మీరు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.