టెన్స్ రాసే ముందు 'ఎప్పుడు?' అని అడుగు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసం రెండుసార్లు చదివాను. చెప్పిన విషయం నాకు బాగా నచ్చింది. తప్పులు దాదాపు అన్నీ క్రియల దగ్గరే ఉన్నాయి. వ్యాకరణం రాక కాదు, తెలుగులో అనుకున్నది అలాగే ఇంగ్లీషులో పెట్టడం వల్ల వచ్చినవి.

'వెళ్తాను' అన్న మాటే చూడు. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను. మనకు రెండు చోట్లా అదే మాట సరిపోతుంది. ఇంగ్లీషులో అలవాటుకు 'ఐ గో', రేపటికి 'ఐ విల్ గో'. నీ దినచర్య రాసిన పేరాలో 'విల్'లన్నీ తీసెయ్యి.

అసలు చిక్కంతా 'చేశాను'తోనే. అది 'ఐ డిడ్' కావచ్చు, 'ఐ హావ్ డన్' కావచ్చు. నేనూ చాలా ఏళ్లు ఇక్కడే తడబడ్డాను. చివరికి నాకు పనికొచ్చింది ఒక్క ప్రశ్న: వాక్యంలో 'ఎప్పుడు?' అన్నదానికి జవాబు ఉందా? నిన్న, పోయిన వారం, 2019లో అని ఉంటే 'హావ్' వద్దు. 'ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్డే' తప్పు, 'ఐ సా హిమ్ ఎస్టర్డే' ఒప్పు. ఎప్పుడో చెప్పకుండా, దాని ఫలితం ఇప్పటికీ ఉందని చెప్పాలంటే 'హావ్' కావాలి. 'ఐ హావ్ లాస్ట్ మై కీ' అంటే తాళంచెవి ఇంకా దొరకలేదనే అర్థం వస్తుంది. 'ఐ లాస్ట్ మై కీ ఎస్టర్డే' అంటే నిన్నటి సంగతి చెప్పినట్టే, ఈరోజు దొరికిందో లేదో అందులో తెలియదు.

'హాడ్'ని మాత్రం పొదుపుగా వాడు. జరిగిపోయిన రెండు పనుల్లో ముందుదేదో చూపించాల్సి వస్తేనే అది అవసరం. 'వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్.' నేను చేరేలోపే రైలు వెళ్లిపోయింది.

'పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను' అన్నదాన్ని 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అని రాశావు. 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అనాలి. 'ఐ యామ్ నోయింగ్' కూడా కుదరదు. తెలియడం మనం చేస్తూ ఉండే పని కాదు కదా, 'ఐ నో' చాలు.

రాసేటప్పుడు ఇవన్నీ తలుచుకుని టెన్షన్ పడకు, కలం ఆగిపోతుంది. ముందు మనసులో ఉన్నది రాసెయ్యి. తర్వాత పెన్సిల్‌తో క్రియల కింద గీతలు గీసి, ఒక్కోదాన్నీ 'ఎప్పుడు?' అని అడుగు. ఈ వ్యాసాన్నే అలా దిద్ది మళ్లీ పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న