పాపకు, అనంతపురం పోయే ముందు

జమ్మలమడుగు

పాపా,

నీకు ఎస్కే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ సీటు వచ్చిందని మీ నాయన పొద్దున ఆరింటికే ఫోన్ చేసి చెప్పినాడు. ఫోన్ పెట్టేసినాక కాసేపు వాకిట్లో ఊరికే నిలబడినా. మన ఇంట్లో నా తరువాత పీజీ చదవను పోయే ఆడపిల్లవు నువ్వే. ఆ సంతోషం పట్టలేక ఎదురింటికీ పక్కింటికీ పోయి చెప్పి వచ్చినా. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. అందుకే రాస్తా ఉండా. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని వింటావు. కాగితం అయితే పెట్టెలో పెట్టుకుంటావు, ఎప్పుడన్నా మళ్లీ తీస్తావు.

ముందు ఒక కోపం తీర్చుకోనీ. నీ సీటు కాగితం స్టేటస్‌లో పెట్టినావే, దాంట్లో ఏముందో చూసుకున్నావా? నీ పేరు, నీ ఫోటో, మీ నాయన పేరు, హాల్‌టికెట్ నంబరు, ఎక్కడ చేరేదీ అన్నీ ఉన్నాయి. నీ నంబరు ఉన్న ప్రతివాడికీ నువ్వు ఏ ఊర్లో ఉండబోతావో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పినట్టయింది. తీసెయ్యి. హాస్టల్లో గది ఇచ్చినాక తలుపు మీది నంబరు కనబడేట్టు ఫోటో తీసి పెట్టొద్దు. ఆ కాగితాన్ని నేను కూడా ఫోన్లో దాచుకుని నలుగురికి చూపించినా, అది వేరే మాట. అత్తకు ఆ మాత్రం హక్కు ఉంది.

అందరూ చెప్పేవి గబగబా చెప్పేస్తా. పెట్టెకు నీ సొంత తాళం వేసుకో, తాళంచెవి మెడలోనో నడుముకో ఉండాల. మెడలో ఉండే బంగారు గొలుసు మీ అమ్మకు ఇచ్చేసి పో. ఫోన్లో *#06# కొడితే పదిహేనంకెల నంబరు వస్తుంది, దాన్ని నోటుపుస్తకం వెనక రాసి పెట్టుకో. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు కాపీ, ఆ నంబరు పెట్టి సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో బ్లాక్ చేయించొచ్చు. ఎవడన్నా మాయమాటలతో అకౌంట్లో డబ్బు లాగేస్తే ఏడుస్తా కూర్చోకుండా అప్పుడే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి. చేతి ఖర్చుకు లోన్ యాప్ జోలికి పోవద్దు, నన్ను అడుగు. షేర్ ఆటో ఎక్కే ముందు నంబరు ఫోటో తీసి మీ అమ్మకు పంపు. తాడిపత్రి మీద వచ్చే బస్సు లేటయి అనంతపురం బస్టాండులో చీకటి పడితే, వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పి, తోడు దొరికినాకే బయలుదేరు. యూనివర్సిటీ ఊర్లో లేదు. ఇటుకలపల్లి దగ్గర, ఊరికి పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెద్ద రోడ్డు పక్కనే గదా అనుకుంటారు గానీ, రోడ్డు మీద లారీలు పోతా ఉంటే మనిషి ఉన్నట్టు కాదు.

టార్చి మాత్రం మరవొద్దు. ఫోన్లో లైటు ఉంది గదా అంటావు. ఆ లైటు వెలిగిస్తే నీ చేతిలో ఫోన్ ఉందని అందరికీ కనబడుతుంది, నీకు మాత్రం రెండడుగులే కనబడుతుంది. అది ఎర్రనేల, రాళ్లు, పొదలు. వాన పడిన రాత్రి పాములు దారిలోకి వస్తాయి. మీ నాయన తోటకు తీసుకుపోయే పెద్ద టార్చి నీ పెట్టెలో పెట్టమని చెప్పినా.

ర్యాగింగ్ గురించి మీ అమ్మ ఒకటే బాధపడతా ఉంది. మన రాష్ట్రంలో దాన్ని ఆపడానికి చట్టం 1997లోనే వచ్చింది. చేరేటప్పుడు నువ్వూ మీ నాయనా ఒక హామీపత్రం ఇయ్యాల, చదివి సంతకం పెట్టండి. 1800-180-5522 అని దేశమంతటికీ ఒక నంబరు ఉంది, ఎప్పుడైనా పలుకుతారు. సీనియర్లంతా చెడ్డోళ్లు కాదు. నాకు మైక్రోటోమ్, అదే వేరూ కాండం పలచగా కోసే మిషను, పట్టుకోవడం నేర్పింది ఒక సీనియర్ అక్కే. పేరు, ఊరు అడిగితే చెప్పు. నవ్వుకుంటా చేసినా సరే, ఒంటి మీద చెయ్యి పడినా, అర్ధరాత్రి గదికి రమ్మన్నా అది పరిచయం కాదు.

ఇంక అసలు సంగతి. నీకేమన్నా అవుతుందేమో అని ఇంట్లో అందరికీ భయం. నా భయం వేరే. నీ పక్క మంచం పిల్ల ఏదో ఒక రాత్రి నీ దగ్గరికి వచ్చి ఒక మాట చెబుతుంది. అప్పుడు నువ్వు నేను చెప్పిన జవాబే చెబుతావేమో అని నా భయం.

ఇది మీ నాయనకు కూడా మొన్నటిదాకా తెలీదు.

1986లో నేను పీజీ చేరినా. చదివిన చోటు పేరు రాయను. తప్పు నాది, చదువు చెప్పినవాళ్లది కాదు. అక్కడ కూడా హాస్టల్ ఊరి బయటే. బస్సు దిగితే కానుగ చెట్ల కింద ఒక సోడా బంకు, ఒక సైకిల్ షాపు, అక్కడి నుంచి మట్టిదారి. నా రూమ్మేటు చాలా తెలివిగల పిల్ల. బ్లేడుతో వేరును అడ్డంగా కోస్తే ఉల్లిపొర కన్నా పలచగా వచ్చేది. మా సారు ఆమె స్లైడు తీసి క్లాసంతటికీ చూపించేవాడు. నావి మందంగా వచ్చేవి.

సైకిల్ షాపు దగ్గర ఒకడు కూర్చునేవాడు. మొదట బెల్లు కొట్టేవాడు. తరువాత వెనకాలే సైకిల్ తోసుకుంటా వచ్చేవాడు. తరువాత బస్సులో ఈమె పుస్తకంలో చీటీ పెట్టినాడు. ఒక రాత్రి కరెంటు పోయింది. ఇద్దరం కొళాయి దగ్గర కడవలు పట్టుకుని ఉన్నాం. అప్పుడు చెప్పింది. మొహం కనబడని చీకట్లో అయితేనే చెప్పగలిగిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నేనేమన్నానంటే, "తలొంచుకుని పో. పలికితే ఇంకా ఎక్కువ చేస్తాడు. బయట పడిందంటే ఇంట్లో చదువు మాన్పిస్తారు."

ఆమె మంచికే చెప్పినానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నా. నిజం అది కాదు పాపా. నన్ను పీజీకి పంపమని మా నాయన, అదే మీ అబ్బ ముందు మూడు రోజులు అన్నం తినకుండా కూర్చున్నా. మీ జేజి అడ్డం పడి ఒప్పించింది. "ఏదన్నా మాట వచ్చిందంటే మరుసటి బస్సుకే తీసుకొస్తా" అన్నాడు మీ అబ్బ. ఆమె సంగతి బయటపడితే అదే గదిలో ఉన్న నా సంగతి ఇంటికి చేరుతుంది. నేను నా సీటు కాపాడుకున్నా. ఆమెకు ధైర్యం చెప్పే గొంతుతో నా సీటు కాపాడుకున్నా.

ఆమె నా మాట విన్నది. తలొంచుకుని పోయింది. తరువాత సాయంత్రం లైబ్రరీ మానింది. తరువాత ఊర్లోకి రావడం మానింది. సబ్బు, పేస్టు నేనే తెచ్చిచ్చేదాన్ని, అది గొప్ప సాయం అనుకునేదాన్ని. ఒకరోజు వార్డెన్ మేడమ్ మా ఇద్దరినీ మెస్ దగ్గర ఆపి, "ఏమ్మా, ఈ అమ్మాయి చిక్కిపోయింది, సాయంత్రం బయట కనబడటం లేదు, ఏమైంది?" అని నన్నే అడిగింది. "ఒంట్లో బాగలేదు మేడమ్" అన్నా. నా పక్కనే నిలబడి ఉంది. నా మొహంలోకి ఒకసారి చూసింది. ఆ రోజు నుంచి నాకు కూడా ఏమీ చెప్పడం మానేసింది.

ప్రాక్టికల్స్‌కు రెండు నెలలు ఉందనగా, బస్సు దిగుతా ఉంటే వాడు చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంటే గాజులు పగిలి మణికట్టు తెగింది. సోడా బంకు దగ్గర జనం ఉన్నారు. చూసినారు. గదికి వచ్చి రక్తం కడుక్కుంది, నేను దూది పెట్టినా. తెల్లవారి వాళ్లన్న వచ్చి తీసుకుపోయినాడు. ఇంక రాలేదు. ఆమె రికార్డు పుస్తకం నా అలమరలో ఉండిపోయింది. వేరు అడ్డుకోత బొమ్మ సగం గీసింది, పేర్లు రాయలేదు.

పరీక్షలు అయిపోయినాక మెస్ అక్క ఒక మాట చెప్పింది. అంతకు ముందు సంవత్సరం ఇంకో పిల్లకు ఇట్లే అయితే వార్డెన్ మేడమ్ సైకిల్ షాపు ఓనరును పిలిపించి, స్టేషన్లో ఎస్సైకి చెప్పి, వారంలో ఆ బాధ లేకుండా చేసిందంట. ఆ పిల్ల ఇంటికి ఒక్క మాట కూడా పోలేదంట. నేను ఏ మనిషి ముందు అబద్ధం చెప్పినానో ఆ మనిషే దాన్ని సరిచేయగలిగేది.

పదకొండేళ్ల తరువాత ప్రొద్దుటూరు బస్టాండులో కనబడింది. చంకలో చిన్న పిల్ల, చెయ్యి పట్టుకుని ఇంకో పిల్ల. పెద్దదానితో, "ఈ అత్త, నేను కలిసి ఎమ్మెస్సీ చదివినాం" అని చెప్పింది. నా నోట్లో మాట రాలేదు. నా బస్సు వచ్చింది, ఎక్కేసినా. క్షమించమని అడిగేదానికి ఆ రెండు నిమిషాలే ఉండె, అవీ పోగొట్టుకున్నా.

కాబట్టి పాపా, ఎవరన్నా నీకు చెబితే ముందు విను. "నువ్వు ఆ డ్రెస్సు ఎందుకేసుకున్నావు, ఆ టైములో ఎందుకు పోయినావు" అని అడగొద్దు. ఆ రాత్రే తేదీ, టైము, చోటు, వాడేం చేసినాడు, ఎవరు చూసినారు అన్నీ రాసిపెట్టండి. చీటీలు చించొద్దు, మెసేజీలు తుడపొద్దు, స్క్రీన్‌షాట్ తీసి నీ ఫోన్లో కూడా పెట్టుకో. మరుసటి పొద్దున్నే ఆమెతో కలిసి నువ్వు కూడా వార్డెన్ దగ్గరికి నడువు. పొమ్మని చెప్పడం కాదు, నువ్వు కూడా పోవాల.

నా కాలంలో వెంటపడటానికి చట్టంలో విడిగా పేరే లేదు. ఢిల్లీలో నిర్భయ మీద ఆ బస్సు ఘోరం జరిగినాక, చట్టం మార్చేదానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ చెప్పినాక, 2013లో దాన్ని నేరంగా రాసినారు. ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. ఆడపిల్ల వద్దన్నా వెంట తిరిగేదీ, ఆమె ఫోన్లో, నెట్లో ఏం చేస్తా ఉందో కాపలా కాసేదీ రెండూ దాంట్లోకే వస్తాయి. మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. ఆ ఫిర్యాదు మహిళా పోలీసే రాసుకోవాల. అక్కడ ఇటుకలపల్లి స్టేషన్ ఉంది. అది మా పరిధి కాదని ఏ స్టేషన్లోనూ తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాల.

అట్లా చేసేవాడు క్యాంపస్‌లోవాడే అయితే, ఆఖరికి పాఠం చెప్పేవాడే అయితే, యూనివర్సిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. యూనివర్సిటీలను చూసుకునే యూజీసీ 2015లో పెట్టిన నిబంధనల ప్రకారం దాని అధ్యక్షురాలు ఆడమనిషే, బయటి మనిషి ఒకరు కూడా సభ్యులుగా ఉండాల, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయట పెట్టకూడదు. రాసి ఇచ్చేదానికి మూడు నెలల గడువు ఉంది. కారణం చూపితే ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. నా రూమ్మేటు నాకు చెప్పిన రోజు నుంచి వెళ్లిపోయిన రోజు దాకా నేను లెక్క వేసినా. మూడు నెలలు కూడా నిండలేదు. చేరిన మొదటి వారంలోనే నోటీసు బోర్డులో ఆ కమిటీ వాళ్ల పేర్లు, నంబర్లు చూసి రాసుకో. అవసరం పడినాక వెతకొద్దు, అప్పుడు చేతులు వణుకుతాయి.

అప్పటికప్పుడు ఆపద వస్తే పోలీసులకు 112 కొట్టు. ఏపీ పోలీసుల శక్తి యాప్ బస్సు ఎక్కకముందే ఫోన్లో వేసుకో. మెస్ అక్కతో, వాచ్‌మన్‌తో, లైబ్రరీలో అటెండరుతో పేరు పెట్టి పలకరించేంత పరిచయం పెంచుకో. వాళ్లకు కనబడనిది ఏదీ ఉండదు. మా మెస్ అక్కకు అన్నీ తెలుసు. నేనే అడగలేదు.

చీకటి పడితే గదిలోనే ఉండమని నేను చెప్పను. లైబ్రరీ మానొద్దు. తోడుతో పో, వెలుతురు ఉన్న దారిలో పో, లేటయినా నడిచి పో. ఆ పిల్ల చదువు పోయింది వాడు చెయ్యి పట్టుకున్న రోజున కాదు, లైబ్రరీ మానిన సాయంత్రమే.

మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చింది ఊరికే రాలేదు. నువ్వు జెరాక్సులకు పోయినప్పుడు మీ నాయన ఉగ్గాని తింటా ఉంటే ఎదురుగా కూర్చుని ఇదంతా చెప్పినా. ప్లేటు పక్కన పెట్టేసినాడు. "నేను మాన్పిస్తానని పాపకు ఎవరు చెప్పినారక్కా?" అన్నాడు. "ఎవరూ చెప్పనక్కరలేదురా, ఈ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు తెలిసే ఉంటుంది" అన్నా. చాలాసేపు మాట్లాడలేదు. మాటిమ్మన్నా, ఇచ్చినాడు. మాట చాలదు, రాసియ్యమన్నా. ఈ జాబు ఇక్కడిదాకా రాసి మీ ఇంటికి తెచ్చినా. నువ్వు లోపల పెట్టె సర్దుకుంటా ఉండావు, మేము వసారాలో ఉండాం. ఈ కింద ఉండేది మీ నాయన రాత.

నీ
అత్త

పాపా, ఏం జరిగినా ముందు నాకు ఫోన్ చెయ్యి. రాత్రి ఎన్ని గంటలయినా సరే. నేను వస్తా, నిన్ను తీసుకురావడానికి కాదు, నీతో పాటు నిలబడటానికి. నీ చదువు ఆపను. ఇది మీ అత్త ముందు రాస్తా ఉండా. టార్చిలో కొత్త సెల్లులు వేసినా.

నాయన