నీళ్లలో వెతికే డిటెక్టర్ కొనే ముందు, ఏ నీళ్లో తేల్చుకోండి

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఓపెన్ వాటర్ డైవింగ్ కోర్సు పూర్తి చేశాడు. నీళ్లలో పడిపోయిన ఉంగరాలు, గొలుసులు, పనిముట్లు వెతికి తీసే పనినే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. నీటి అడుగున పనిచేసే మెటల్ డిటెక్టర్ కావాలట. కాయిల్ (కడ్డీ చివర ఉండే గుండ్రటి పళ్లెం) ఎంత పెద్దదైతే అంత లోతులో ఉన్నది దొరుకుతుందని 15 అంగుళాల కాయిల్ అడుగుతున్నాడు. ఏది కొనమంటారు? అసలు ఈ దారిలో భవిష్యత్తు ఉందా?

జవాబు: ముందు కాయిల్ సంగతి చెప్పేస్తాను. 15 అంగుళాలది వద్దు. డైవింగ్ చేస్తూ వెతికే మనిషికి 8 నుంచి 10 అంగుళాల కాయిల్ సరిపోతుంది, సరిపోవడమే కాదు, అదే మంచిది. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఇక ఏ మెషీన్ అన్న ప్రశ్నకు ఇప్పుడే ఒక పేరు చెప్పేస్తే మీ డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు విషయం లేదు. అబ్బాయి ఉప్పునీళ్లలో వెతుకుతాడా, మంచినీళ్లలోనా? నడుము లోతులో నిలబడి వెతుకుతాడా, సిలిండర్ కట్టుకుని అడుగుకి దిగుతాడా? ఈ రెండూ తేలితే మిగిలేవి నాలుగైదు మెషీన్లే.

లోతు నుంచి మొదలుపెడదాం. 'వాటర్‌ప్రూఫ్' అని రాసి ఉన్న ప్రతి డిటెక్టరూ డైవింగ్‌కి పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. గారెట్ ఏటీ ప్రో, మైన్‌ల్యాబ్ ఎక్వినాక్స్ 800 లాంటివి 3 మీటర్ల వరకే. ఎక్వినాక్స్ 900 అయితే 5 మీటర్లు. ఛాతీ లోతు నీళ్లలో నిలబడి వెతికేవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి, నేనూ వాళ్లకు ఇవే చెబుతాను. కానీ మీ అబ్బాయి చేసిన కోర్సు 18 మీటర్ల దాకా దిగడానికి అర్హత ఇస్తుంది. నీళ్లలో 10 మీటర్లు దిగేసరికే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. 5 మీటర్లకు తయారుచేసిన పెట్టెను అక్కడికి తీసుకెళ్తే నీరు లోపలికి పోవడానికి పెద్ద టైమ్ పట్టదు, పైగా అలా పాడైతే వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. సిలిండర్‌తో దిగేవాళ్లు చూడాల్సింది వేరే వరుస. ఎక్స్‌పీ డ్యూస్ టూ 20 మీటర్ల వరకు వెళ్తుంది, అంటే వాడి సర్టిఫికెట్ పరిమితికి కాస్త పైన. మైన్‌ల్యాబ్ ఎక్స్‌క్యాలిబర్ టూ, గారెట్ సీ హంటర్ మార్క్ టూ, నోక్టా పల్స్‌డైవ్, ఇవన్నీ 60 మీటర్ల తరగతి.

ఇప్పుడు నీళ్ల రకం. మంచినీళ్లయితే టెన్షన్ తక్కువ, ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే మామూలు మెషీన్ కూడా నెట్టుకొస్తుంది. ఉప్పునీళ్ల దగ్గరే కథ మారుతుంది. ఉప్పునీరు కరెంటును మోస్తుంది కాబట్టి డిటెక్టర్‌కి ఆ నీరే ఒక పలుచని లోహంలా కనిపిస్తుంది. మెషీన్ ఊరికే కూస్తూ ఉంటుంది. ఆ కూత ఆపుదామని సెన్సిటివిటీ తగ్గిస్తే, ఉప్పులాగే బలహీనమైన సిగ్నల్ ఇచ్చే సన్నటి బంగారు గొలుసు కూడా దానితో పాటే పోతుంది. దీనికి తయారీదారులు రెండు దారులు కనిపెట్టారు. ఒకటి, ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపి, వాటి మధ్య తేడా చూసి ఉప్పు తాలూకు భాగాన్ని తీసేయడం. ఎక్స్‌క్యాలిబర్, ఎక్వినాక్స్, డ్యూస్ టూ ఈ పద్ధతివే. రెండోది పల్స్ ఇండక్షన్. ఇది ఒక దెబ్బలా కరెంటు పంపి ఆపేసి, కొద్ది మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు వింటుంది. ఉప్పునీటిలో పుట్టిన ప్రతిధ్వని చాలా త్వరగా చచ్చిపోతుంది, లోహంలోది ఇంకాస్త నిలుస్తుంది, కాబట్టి ఆగి వింటే ఉప్పు గోల ఉండదు. ఇనుప ఖనిజం కలిసిన నల్ల ఇసుక ఎక్కువగా ఉన్నచోట కూడా పల్స్ మెషీన్ ప్రశాంతంగా పనిచేస్తుంది. కాకపోతే అందులో ఏది ఇనుమో ఏది బంగారమో సరిగ్గా తెలియదు. ప్రతి తుప్పు మేకునూ, ప్రతి సీసా మూతనూ తవ్వి చూడాల్సిందే.

మా అబ్బాయికి ఏది అంటారా? వాడు వెతకబోయే అడుగు శుభ్రమైన ఇసుకైతే పల్స్ తీసుకోండి, తక్కువ మీటలతో మొండిగా పనిచేస్తుంది. పడవలు ఆగేచోట, పాత స్తంభాల పక్కన, చెత్త పేరుకున్నచోట అయితే పల్స్ మెషీన్ వాడి ఓపికనూ సిలిండర్‌లో గాలినీ రెండిటినీ తినేస్తుంది. అక్కడ మల్టీ ఫ్రీక్వెన్సీయే. అయినా ఇనుము తప్ప ఇంకేదీ వదలకూడదని వాడికి గట్టిగా చెప్పండి. బంగారు ఉంగరమూ, డబ్బా మూతకుండే అల్యూమినియం రింగూ డిటెక్టర్‌కి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అల్యూమినియాన్ని వదిలేద్దామని సెట్టింగ్ పెట్టుకున్నవాడు ఉంగరాన్నీ వదిలేసినట్టే.

కాయిల్ దగ్గరికి వద్దాం, మీ అబ్బాయి పొరబడింది ఇక్కడే. పెద్ద కాయిల్ లోతుగా చూస్తుందన్న మాట అబద్ధం కాదు, సగం నిజం. నాణెమంత వస్తువైతే, సుమారుగా కాయిల్ వ్యాసమంత లోతులో దొరికిందంటే బాగా దొరికినట్టు. కానీ కాయిల్ రెట్టింపు చేస్తే లోతు రెట్టింపు కాదు. కాయిల్ పెరిగేకొద్దీ దాని అయస్కాంత క్షేత్రం వెడల్పుగా పరుచుకుంటుంది, చిన్న వస్తువు మీద పడే వంతు తగ్గుతుంది. సన్నని గొలుసు, చెవిపోగు, చిన్న ఉంగరం లాంటివి పెద్ద కాయిల్ కింద నుంచి చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. వాడు వెతుకుతానంటున్నవి సరిగ్గా ఇవే కదా! పైగా ఉప్పునీళ్లలో పెద్ద కాయిల్ ఎక్కువ ఉప్పునీటిని 'చూస్తుంది', గోల పెరుగుతుంది, సెన్సిటివిటీ తగ్గించుకోవాల్సి వస్తుంది, దాంతో పెద్ద కాయిల్ వల్ల వచ్చిన లాభం కాస్తా అక్కడే పోతుంది.

ఇంకో సంగతి ఒడ్డున నిలబడి ఆలోచిస్తే తట్టదు. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. షాపులో తేలిగ్గా ఊగిన 15 అంగుళాల కాయిల్‌ను నీళ్లలో పక్కకు తిప్పితే, నీటికి అడ్డంగా తలుపు తోసినట్టు ఉంటుంది. కొద్దిసేపటికే మోచేయి, భుజం పట్టేస్తాయి. అడుగున ఉన్న డైవరైతే, కాయిల్ కదలక తానే పక్కకు తిరిగిపోతుంటాడు. అలసిన కొద్దీ గాలి ఎక్కువ పీలుస్తాడు, సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది. తేలిపోయే కాయిల్ అయితే కిందికి నొక్కి పట్టుకోవడం ఇంకో తిప్పలు. నీళ్లలో వదిలితే మెల్లగా అడుగుకి దిగే కాయిల్ కావాలి, అంతకంటే బరువు కూడా వద్దు.

సిగ్నల్ దొరికాక వస్తువు సరిగ్గా ఎక్కడుందో పట్టుకోవడం ఇంకా ముఖ్యం. డబుల్ డీ కాయిల్‌ను (లోపల D ఆకారంలో రెండు తీగచుట్లు ఉండే రకం) ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తిప్పి రెండు గీతలు కలిసేచోట వేలు పెడతారు. చిన్న కాయిల్ అయితే ఆ చోటు చాలా చిన్నది, పెద్దదైతే వెడల్పు. నేల మీద వెడల్పుగా తవ్వితే పోయేదేం లేదు. అడుగున ఇసుకను తొలగించడానికి చేత్తో విసనకర్రలా విసిరితే ఒక్క నిమిషంలో ఏమీ కనిపించనంత మబ్బు లేస్తుంది, బంగారం బరువు కాబట్టి విసిరిన కొద్దీ ఇంకా కిందికి దిగుతుంది. అందుకే 8 అంగుళాల కాయిల్‌తో నెమ్మదిగా వెళ్లే డైవర్, 15తో విశాలంగా వెళ్లే డైవర్‌కంటే ఎక్కువ తీసుకొస్తాడు. చెత్త మరీ దట్టంగా ఉంటే, స్తంభాల మధ్యకి దూరాల్సి వస్తే 6 అంగుళాలది కూడా మంచిదే. నడుము లోతులో విశాలమైన శుభ్రమైన ఇసుక ఉంటే 11 అంగుళాలది వేసుకోవచ్చు. పెద్ద కాయిల్‌కి న్యాయమైన పని ఒకటే ఉంది, లంగరు లాంటి పెద్ద వస్తువును వెతకడం. అలాంటి పని వచ్చిన రోజు చూసుకోవచ్చు.

కొనే ముందు ఒకటి తప్పకుండా చూడండి. ఎక్స్‌క్యాలిబర్ లాంటి మెషీన్లలో కాయిల్, హెడ్‌ఫోన్ రెండూ మెషీన్‌కే అతికి ఉంటాయి. తర్వాత మార్చుకుందాంలే అనుకోవడానికి లేదు, 8 అంగుళాలా 10 అంగుళాలా అన్నది కొనే రోజే నిర్ణయమైపోతుంది. డ్యూస్ టూ వైర్‌లెస్. రేడియో సిగ్నల్ నీళ్లలో ప్రయాణించదు కాబట్టి నీటిలో వాడడానికి ప్రత్యేకమైన యాంటెన్నా వైరు తగిలించాలి, అది సెట్‌లో ఉందో లేదో అడగండి. మెషీన్ వాటర్‌ప్రూఫ్ అయినంత మాత్రాన దానితో ఇచ్చిన హెడ్‌ఫోన్ కూడా అలాంటిదే అనుకోవద్దు. డైవింగ్‌కి పొట్టి కడ్డీ కావాలి, కానీ మరీ దగ్గరగా పట్టుకుంటే మునగడానికి నడుముకు కట్టుకున్న బరువుల బెల్టూ, కాలికి కట్టిన కత్తీ కూడా బీప్ ఇస్తాయి. బ్యాటరీ మూత దగ్గర ఉండే రబ్బరు రింగుకు ఒక్క ఇసుక రేణువు అంటుకుని ఉన్నా నీరు దూరుతుంది. మూత పెట్టే ప్రతిసారీ రింగు తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, వెలుతురులో చూసి పెట్టాలి. ఎండలో కాలిన మెషీన్‌ను నేరుగా చల్లటి నీళ్లలో ముంచకూడదు. లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని బయటి నీటిని లోపలికి లాగుతుంది.

ఇక భవిష్యత్తు. ఉంగరాలు వెతికి ఇవ్వడం ఒక్కటే జీవనోపాధి అంటే నేను ఒప్పుకోను, ఆ పని సీజన్ మీద, అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. కానీ అదే నైపుణ్యం కావాల్సిన స్థిరమైన ఉద్యోగాలు ఉన్నాయి. నీళ్లలో పారేసిన ఆయుధాల కోసం వెతికే పోలీసు, రెస్క్యూ డైవింగ్ బృందాలు, కమర్షియల్ డైవింగ్ కంపెనీలు, నీటి అడుగు పురావస్తు శాఖలు. వీళ్లెవరూ 'మీ దగ్గర ఏ డిటెక్టర్ ఉంది' అని అడగరు, మెషీన్ వాళ్లే ఇస్తారు. అడిగేది డైవింగ్ అర్హత, ఏమీ కనిపించని నీళ్లలో తాడు పట్టుకుని ఒక్క అడుగు కూడా వదలకుండా వెతకగలవా అని. అందుకే కుటుంబం దగ్గరున్న డబ్బులో పెద్ద భాగం అడ్వాన్స్‌డ్ కోర్సుకీ, సెర్చ్ అండ్ రికవరీ కోర్సుకీ, తర్వాత కమర్షియల్ డైవర్ శిక్షణకీ వెళ్లాలి. వినోదం కోసం చేసిన సర్టిఫికెట్‌తో జీతానికి డైవింగ్ చేయడానికి చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు, ఈ సంగతి పిల్లలకు ఆలస్యంగా తెలుస్తుంది. పెద్ద పనుల్లో ముందు సోనార్ (శబ్ద తరంగాలతో అడుగును చూసే పరికరం), మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రంలో తేడాను పట్టే పరికరం)తో ప్రాంతాన్ని కుదిస్తారు, చేతి డిటెక్టర్ ఆఖరి కొన్ని మీటర్లకే వస్తుంది. మాగ్నెటోమీటర్‌కి ఇనుము మాత్రమే తెలుస్తుంది, బంగారం తెలియదు. ఆ రెండు పరికరాల మీద కూడా చేయి తిరిగితే వాడి విలువ బాగా పెరుగుతుంది.

చట్టం గురించి వాడితో కూర్చుని మాట్లాడండి. నీటి అడుగు సాంస్కృతిక వారసత్వం మీద యునెస్కో 2001లో ఒక ఒప్పందం చేసింది, అది 2009 నుంచి అమల్లో ఉంది. కనీసం 100 ఏళ్లుగా నీళ్లలో ఉన్న మానవ ఆనవాళ్లను అది రక్షిస్తుంది, వ్యాపారం కోసం తీయడాన్ని వద్దంటుంది. పాత ఓడ శిథిలం కనిపిస్తే చేయి పెట్టకుండా, చోటు గుర్తుపెట్టుకుని అధికారులకు చెప్పాలి. గుండ్రంగానో పొడవుగానో బరువైన తుప్పు ఇనుము తగిలితే అది పేలని బాంబు కావచ్చు, కదపకూడదు. ఇంకో మాట, చెవుల్లో డిటెక్టర్ బీప్ మోగుతుంటే పైన వచ్చే పడవ ఇంజను వినపడదు. కాబట్టి ఒంటరిగా దిగడం అనేదే వద్దు. మెషీన్‌ను ఒంటికి కట్టుకుంటే ఒక్క లాగుతో ఊడిపోయే క్లిప్‌తోనే కట్టుకోవాలి, ఎక్కడైనా చిక్కుకుంటే దాన్ని వదిలేసి పైకి రావాలి.

ఇప్పటికి ఏదీ కొనకండి. అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గరో 8 అంగుళాలదీ, పెద్దదీ తెప్పించి రెండూ ఒకేచోట, ఒకే నీళ్లలో వాడి చూడమనండి. బోల్టుకు వేసే ఒక వాషర్, ఒక నాణెం, ఒక మేకు, ఒక సన్నటి గొలుసు దారాలు కట్టి ఇసుకలో వేర్వేరు లోతుల్లో పాతి, స్నేహితుణ్ణి మాస్క్ మీద గుడ్డ కట్టమని, కొలను లాంటి భద్రమైన లోతులో వెతకమనండి. ఏ కాయిల్‌తో ఏది దొరికిందో, ఎంతసేపు పట్టిందో, సిలిండర్‌లో ఎంత గాలి ఖర్చయిందో తన డైవింగ్ లాగ్‌బుక్‌లోనే రాసుకోవాలి. ఆ పేజీలు నాకు పంపండి, ఏ నీళ్లో కూడా రాయండి, మెషీన్ పేరు అప్పుడు చెబుతాను.