ఎంఓయూ ఉంది, రోగికి మాత్రం ఒరిగిందేమీ లేదు: లోపం ఎక్కడ?

చిన్న ఆసుపత్రి, పెద్దాసుపత్రి, ల్యాబ్ కలిసి ఎంఓయూ (కలిసి పనిచేస్తామనే ఒప్పందం) రాసుకుని ఏడాదైనా రెఫరల్స్ (రోగుల్ని పెద్దాసుపత్రికి పంపడం) పెరగడం తప్ప మార్పేమీ లేదని, లోపం ఎక్కడని ఓ చిన్న ఆసుపత్రి వాళ్లు అడిగారు. ముందు ఆ కాగితంలో ఒక్కటి వెతకండి: రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? "పరస్పర సహకారం" నాలుగుచోట్ల ఉంటుంది గానీ ఇది ఉండదు. వ్యక్తి సొంత నంబరు కాకుండా డ్యూటీ ఫోన్ నంబరు రాయండి. లేకపోతే ఆయన సెలవు పెట్టిన రోజు ఒప్పందమూ సెలవులోనే.

అన్ని విభాగాలూ ఒకేసారి ఎత్తుకోవద్దు. గుండెపోటుతో మొదలుపెట్టండి, అక్కడ ఆలస్యం ఎక్కడ జరిగిందో గడియారమే చెప్పేస్తుంది. ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకు 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అందులో ఎస్టీ ఎలివేషన్ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని సూచించే గుర్తు) కనిపిస్తే, 120 నిమిషాల్లోపు పెద్దాసుపత్రిలో యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన నాళాన్ని బెలూన్‌తో తెరవడం) జరిగే వీలుందా అన్నదే ప్రశ్న. ఉంటే రోగి చిన్న ఆసుపత్రిలో 30 నిమిషాలకు మించి ఆగకూడదు. లేకుంటే, ఇవ్వకూడని కారణాలేవీ లేవని చూసుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పంపాలి. అంబులెన్స్ రావడానికి, దారికి పట్టే సమయం ముందే కొలిచి, మీ ఆసుపత్రిది ఈ రెండింటిలో ఏ పద్ధతో రాసిపెట్టుకోండి. రోగి బల్ల మీద ఉండగా చర్చించే విషయం కాదిది. "బెడ్ ఉందో లేదో చూసి చెబుతాం" అనే మాట ఈ ఒక్క జబ్బుకు చెల్లదని కూడా రాయించండి. సమయమంతా పోయేది అక్కడే.

ల్యాబ్ సంగతి ఎవరూ పట్టించుకోరు. పొద్దున ఎనిమిదికి తీసిన రక్తం వ్యాన్ కోసం మధ్యాహ్నం దాకా ట్యూబులోనే ఉంటే, కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. పాడవకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెడితే కణాల్లోంచి పొటాషియం బయటికొచ్చి లేని జబ్బు చూపిస్తుంది. మెషీన్ తప్పేమీ లేదు, శాంపిలే చెడింది. మందు ఒక్కటే: రక్తం తీసే చోటే సెంట్రిఫ్యూజ్ (ట్యూబును వేగంగా తిప్పి కణాల్ని వేరుచేసే యంత్రం) ఉండాలి. జెల్ ట్యూబులో (కణాలకూ సీరానికీ మధ్య అడ్డుగా నిలిచే జెల్ ఉన్న ట్యూబు) రక్తం అరగంట గడ్డకట్టనిచ్చి, తీసిన 2 గంటల్లోపు తిప్పి సీరం (గడ్డ పోగా మిగిలే ద్రవం) వేరు చేయాలి. సీబీసీకి (రక్తకణాల లెక్క పరీక్ష) తీసిన ఈడీటీఏ ట్యూబును (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందున్న ట్యూబు) మాత్రం తిప్పకండి (కొత్తవాళ్లు అన్నీ కలిపి తిప్పేస్తుంటారు). సెంట్రిఫ్యూజ్ ఎవరు కొనాలి, చెడితే ఎవరు బాగుచేయించాలి అన్నవి ఒప్పందంలో ఉండాలి.

రెఫరల్స్ తగ్గాలంటే నేర్పించడం కూడా ఒప్పందంలో భాగం కావాలి. న్యూ మెక్సికోలో 2003లో మొదలైన ప్రాజెక్ట్ ఎకోలో పెద్దాసుపత్రి నిపుణులు, చిన్నచోట్ల డాక్టర్లు వీడియోలో కలిసి హెపటైటిస్ సి కేసులు చర్చించేవారు. వైద్యం చేసేది మాత్రం ఆ చిన్నచోటి డాక్టర్లే. 2011లో ఫలితాలు ప్రచురిస్తే నయమైనవాళ్లు పెద్దాసుపత్రిలోనూ చిన్నచోట్లా ఒకేలా, దాదాపు 58 శాతం. కేసుల్లేకుండా పాఠం చెప్పే వెబినార్లతో ఇది రాదు.

ఇక తిరుగు రెఫరల్, అంటే పెద్దాసుపత్రి రోగిని మళ్లీ చిన్న ఆసుపత్రికి అప్పగించడం. స్టెంట్ (గుండె నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలి గొట్టం) వేసుకుని ఇంటికెళ్లిన మనిషి డిశ్చార్జి కాగితం సంచిలోనే ఉండిపోతుంది. నెల తిరిగాక మాత్రలు అయిపోతే, రక్తం పల్చబరిచే రెండు మందుల్లో ఏది ఎప్పటిదాకా వాడాలో చిన్న ఆసుపత్రికి తెలియదు. కాబట్టి డిశ్చార్జి రోజే మందుల పేర్లు, ఏది ఏ తేదీ దాకా, తర్వాతి పరీక్ష ఎవరు చేయాలి అన్నవి ఒక పేజీలో డ్యూటీ నంబరుకు పంపాలని రాయించండి. నెలకోసారి కూర్చున్నప్పుడు ఎంతమందిని పంపారు, ఎంతమంది గురించి పేజీ తిరిగొచ్చింది, ఎన్ని శాంపిళ్లు తిరస్కరించారు, ఈ మూడు అంకెలు చాలు.