కీమోలో ఉన్న స్నేహితురాలికి ఏమని రాయాలి?

ప్రశ్న: నా స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్. 21 రోజులకోసారి కీమో, రెండు అయ్యాయి. ‘ధైర్యంగా ఉండు’ అని మెసేజ్ పెడితే జవాబు లేదు. గట్టి ఆశ కలిగేలా ఏం చెప్పాలండీ?

జవాబు: ‘ధైర్యంగా ఉండు’ అంటే పాపం, ఏడవడానికి కూడా చోటుండదు. ‘నీకేం కాదు’ అన్న హామీ డాక్టరే ఇవ్వలేరు. ఆశను మీ మాటగా, దగ్గరి తేదీకి కట్టి చెప్పండి: ‘మూడోదీ దాటేస్తావని నా గట్టి నమ్మకం. గురువారం చారన్నం తెస్తాను. జవాబు రాయక్కర్లేదు.’ ‘ఏం కావాలన్నా అడుగు’ అనకండి, అడగడమూ ఆమెకు పనే.

కీమో ఎక్కించాక మొదటి మూడు నాలుగు రోజులు వికారం ఎక్కువ, పోపు వాసనే పడకపోవచ్చు. సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గి ఇన్ఫెక్షన్ తేలిగ్గా సోకుతుంది కాబట్టి అప్పుడు ఫోన్ చాలు. మూడో వారంలో కాస్త తేరుకుంటారు. అప్పుడు వెళ్లి పావుగంట కూర్చోండి. మీకు జలుబుంటే మాత్రం ఎప్పుడూ వద్దు. తీసుకెళ్లేది అప్పుడే వండినదై ఉండాలి.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్ర వేసి తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అందుకే ఈ మాట ఇవాళే రాయండి: ‘అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యి, ఆటో తీసుకుని వచ్చేస్తాను.’