క్లారినెట్ కీచుమంటోందా?

ప్రశ్న: క్లారినెట్ కొత్తగా నేర్చుకుంటున్నాను. ఊదితే ఉత్త గాలి వస్తోంది, లేదంటే కీచుమంటోంది. రీడ్ (ఊదితే కంపించే పల్చటి బద్ద) మార్చాలా?

జవాబు: అంచు చిట్లితే మార్చాల్సిందే. మొదట్లో గట్టితనం 2 లేదా 2½ నంబరు చాలు. మరీ గట్టి రీడ్‌తో గాలి శబ్దమే ఎక్కువ. తడిపి, దాని కొస మౌత్‌పీస్ (నోట పెట్టుకునే భాగం) కొసకు వెంట్రుకవాసి కిందుగా ఉండేలా బిగించండి.

అసలు కిటుకు పెదవిలో ఉంది. కింది పెదవిని పళ్ళ మీదికి కాస్త మడిచి, పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఆనించండి. ఎంత లోపలికంటారా? రీడ్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య పల్చటి కాగితం దూర్చండి. అది ఆగినచోటే కింది పెదవి ఉండాలి. తక్కువ పెడితే స్వరం పీలగా వస్తుంది, ఎక్కువైతే కీచుమంటుంది. బుగ్గలు ఉబ్బనీయకండి.

ముందు మౌత్‌పీస్, బ్యారెల్ (దాని కిందుండే పొట్టి గొట్టం) మాత్రమే కలిపి ఊదండి. బి-ఫ్లాట్ క్లారినెట్‌కైతే ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) ఎఫ్-షార్ప్ స్వరం చూపాలి. శ్రుతి తగ్గితే పెదవి వదులుగా ఉంది, పెరిగితే కొరుకుతున్నారు. అక్కడ నిలకడ వచ్చాక కూడా, మొత్తం బిగించి ఊదినప్పుడు కీచుమంటే వేళ్ళు చూసుకోండి, ఏదో రంధ్రం పూర్తిగా మూయడం లేదు.